బండి బతికితే చాలా?

2025 మే 7 తెల్లవారుజామున మన క్షిపణులు సరిహద్దు దాటాయి. అదే రోజున 244 పౌర రక్షణ జిల్లాల్లో సైరన్లు మోగించి, దీపాలార్పి కసరత్తు చేయాలని కేంద్రం ఆదేశించింది. దీపాలు మళ్లీ వెలిగాయి గాని, అవి వెలగని రోజును గురించిన భయం మధ్యతరగతి ఇళ్లలో మిగిలిపోయింది. కారు కొనబోతున్న ఒక మిత్రుడు ఆ తర్వాత నన్నడిగిన ప్రశ్న ఈ భయంలోంచి పుట్టినదే. "ఆకాశంలో అణుబాంబు పేలిస్తే ఎలక్ట్రానిక్స్ అన్నీ మాడిపోతాయంటున్నారు కదండీ. అప్పుడు కూడా నడిచే బండి ఏది?"

ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయలేం. 1962 జులై 9న పసిఫిక్ మహాసముద్రంలోని జాన్‌స్టన్ దీవి మీద, 400 కిలోమీటర్ల ఎత్తున, అమెరికా 1.4 మెగాటన్నుల బాంబును పేల్చింది. 1,400 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న హోనలూలూలో కొన్ని వీధి దీపాలు ఆరిపోయాయి. అదే ఏడాది అక్టోబరు 22న సోవియట్ యూనియన్ కజకిస్థాన్ గగనతలంలో జరిపిన పరీక్షకు సుదీర్ఘమైన టెలిఫోన్ లైను, భూమిలో పాతిన విద్యుత్ కేబులు కూడా దెబ్బతిన్నాయి. ఈఎంపీ అని పొట్టిగా పిలిచే విద్యుదయస్కాంత పల్స్ చేసే పని ఇది. పేలుడు వేడిమి నేలను తాకకపోయినా, తీగల వ్యవస్థ మాత్రం కూలుతుంది.

ఇక బండి సంగతి. అమెరికా కాంగ్రెస్ ఏర్పరచిన ఈఎంపీ కమిషన్ 2008 నాటి నివేదికలో దీనికి జవాబుంది. 1986 నుంచి 2002 వరకు తయారైన 37 కార్లను, 18 ట్రక్కులను వారు కృత్రిమ పల్స్‌కు గురిచేశారు. ఇంజన్ ఆపి ఉంచిన కార్లలో ఒక్కదానికీ ఏమీ కాలేదు. నడుస్తున్నవాటిలో మూడు కార్లు, మీటరుకు సుమారు 30 కిలోవోల్టులు, అంతకు మించిన తీవ్రత దగ్గర ఆగాయి. అవి కూడా మళ్లీ స్టార్ట్ చేస్తే కదిలేవే. పాతిక కార్లలో డాష్‌బోర్డు దీపాలు మిణుకుమనడం వంటి చికాకులు కనిపించాయి. ఎనిమిదింటికి అదీ లేదు. ట్రక్కుల్లో మూడు ఆగితే, రెండు వెంటనే కదిలాయి; ఒకదాన్ని గ్యారేజీకి లాక్కుపోవలసివచ్చింది.

కారణం సులభం. తీగ ఎంత పొడవైతే పల్స్ బలాన్ని అంతగా లాక్కుంటుంది. కారులోని తీగల పొడవు మీటర్లలో ఉంటుంది, పైగా లోహపు ఒళ్లు కొంత కాపు కాస్తుంది. గ్రిడ్ లైన్ల పొడవు వందల కిలోమీటర్లు. అయితే ఆ పరీక్ష నిన్నటి కార్లమీద జరిగింది. పదుల కొద్దీ కంప్యూటర్లతో నడిచే నేటి వాహనాలకు దాన్ని హామీపత్రంగా చూపడం నిజాయితీ కాదు.

అందుకే కొందరు పాత డీజిల్ జీపును, అంబాసిడర్‌ను సిఫారసు చేస్తారు. యాంత్రిక పంపుతో నడిచే పాత డీజిల్ ఇంజన్‌కు మాడిపోవడానికి కంప్యూటరే లేదన్నది నిజం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక అటువంటి కారు కొత్తది దొరకదు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి తుక్కుకు పంపిస్తున్నారు. పంపడమే న్యాయం. ఎన్నడో రాగల పల్స్‌కు భయపడి, ఈ రోజు పక్కింటి పసివాడి ఊపిరితిత్తుల్లోకి పొగ పంపే హక్కు ఎవరికీ లేదు.

నా అభ్యంతరం బండి ఎంపికతో కాదు, ఆ ప్రశ్న బండి దగ్గరే ఆగిపోవడంతో. బండి కదులుతుందనే అనుకుందాం. ఎక్కడికి కదులుతుంది? 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతాలు చీకటయ్యాయి. రైళ్లు ఆగాయి, ఢిల్లీ మెట్రో ఆగింది, పశ్చిమ బెంగాల్ బొగ్గు గనుల్లో కార్మికులు భూగర్భంలో చిక్కుకుపోయారు. ఆ రోజున అందరి కార్లూ బాగానే ఉన్నాయి. దక్షిణాది తప్పించుకున్నది మన తెలివివల్ల కాదు, మన గ్రిడ్ అప్పటికి వేరుగా ఉండబట్టి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో అదీ కలిసింది. దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. లాభం అందరిదీ, ప్రమాదమూ అందరిదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు బతికిన బండ్లకు కొదవ లేదు. కరెంటు లేదు, పెట్రోలు బంకుల ముందు బారులు. అదే విశాఖలో నేల కింద రాతి గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే ఏర్పాటుంది. కాని ముడిచమురు ట్యాంకులో పోసుకునేది కాదు. దాన్ని శుద్ధి చేయాలన్నా, బంకులో తోడాలన్నా కరెంటు కావాలి.

ప్రతి సామూహిక వైఫల్యానికీ ఒక సొంత ఉపకరణం కొనుక్కోవడం మన మధ్యతరగతికి అలవాటైపోయింది. కుళాయి రాకపోతే బోరు, కరెంటు పోతే ఇన్వర్టరు, సర్కారు బడి చెడితే ప్రైవేటు బడి. ఇప్పుడు గ్రిడ్ కూలితే కారు. కొనగలిగినవాడు కొనుక్కుని మౌనం వహిస్తాడు. అడగవలసిన గొంతు తగ్గినంత మేర ప్రభుత్వానికి బాధ్యత తప్పుతుంది.

అడగవలసినవి చాలా ఉన్నాయి. ఆర్డరిచ్చాక రావడానికి నెలలు, ఏళ్లు పట్టే భారీ ట్రాన్స్‌ఫార్మర్లలో విడివిగా ఎన్ని సిద్ధంగా ఉన్నాయి? గ్రిడ్ కూలినా ఆసుపత్రికీ, నీటి సరఫరాకూ కరెంటు ఆగకుండా ఆ భాగాన్ని విడదీసుకునే ఏర్పాటును 2012 విచారణ సంఘమే సిఫారసు చేసింది. మీ నగరంలో అది ఎంతవరకు వచ్చింది? అంబులెన్సులకు, ఆర్టీసీ బస్సులకు ఈ పరీక్ష జరిపి ఫలితాలను ప్రజల ముందు పెట్టడానికి అభ్యంతరమేమిటి? కరెంటు లేకపోయినా ఇంధనం తోడగల బంకులు జిల్లాకు కొన్నయినా ఎందుకుండకూడదు? దీపాలార్పే కసరత్తు చేయించిన ప్రభుత్వం, దీపాలు వెలగని రోజుకు తాను చేసిన కసరత్తేమిటో చెప్పాలి.

చివరిగా ఒక మాట. 400 కిలోమీటర్ల ఎత్తున పేలిన బాంబుకు దాదాపు 2,200 కిలోమీటర్ల వ్యాసార్ధంలోని నేలంతా కనబడుతుంది. ఢిల్లీకి, లాహోర్‌కు మధ్య దూరం 400 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. కాఠ్మాండూ ఆ పరిధిలోనే ఉంటుంది, కాబూల్ కూడా. ఈ ఉపఖండంలో ఈ ఆయుధానికి శత్రువు ఇల్లంటూ వేరే లేదు. 1988 డిసెంబరు 31న కుదిరిన ఒప్పందం మేరకు భారత్, పాకిస్థాన్ ఏటా జనవరి 1న తమ అణు స్థావరాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఆ సన్నని దారాన్ని తెంచమని టీవీ తెరల మీద అరిచేవారు, మన కార్లకు ఏ పల్స్ కన్నా పెద్ద ప్రమాదం.

మిత్రుడికి నేను ఇచ్చిన జవాబు ఇది. మీ అవసరానికి సరిపడే, పొగ తక్కువ వదిలే బండి కొనండి. ట్యాంకులో సగమైనా నిండుగా ఉంచండి. ఒక సైకిలు కూడా కొనండి, దానికి ఏ పల్సూ అడ్డురాదు. ఆ తర్వాత మీ ఎమ్మెల్యేకి, ఎంపీకి పై ప్రశ్నలతో ఒక ఉత్తరం రాయండి. వీటిలో డబ్బు ఖర్చు లేనిది అదొక్కటే. చాలామంది చేయకుండా వదిలేసేదీ అదే.