మా పెరడు: నూతిగోడ ఫెర్ను



బాల్యమున మా నాయనగారు అమరకోశము చెప్పునప్పుడు వనౌషధివర్గమున ఒకచోట మేము తప్పక ఆగుచుంటిమి. పూచి కాచు చెట్టు వానస్పత్యము. పూవు లేకయే కాయు చెట్టు వనస్పతి. "పూవును కాయయు రెండును లేనిదానికి పేరేమి?" యని మేమడుగగా ఆయన నవ్వి, "అట్టిది నీ కెక్కడ కనబడినది?" అనిరి. అప్పుడు బదులు చెప్పలేకపోయితిమి. అత్తవారింటికి వచ్చిన పిదప అట్టిది మా నూతిలోనే కనబడినది. లోపలి గోడ యిటుకల సందులనుండి, నల్లని వెండ్రుకలవంటి కాడలతో, చిన్న విసనకఱ్ఱలవంటి లేతయాకులతో గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచుండెడిది. ఆంగ్లమున దీనిని మెయిడెన్ హెయిర్ ఫెర్ను అందురు. కన్య కురులని యర్థము. చేద పైకి లాగునప్పుడు చినుకులు దానిపై బడి ముత్యములవలె జాఱిపోవునే గాని ఆకు తడియదు. అడియాంటమ్ అను దాని శాస్త్రనామము 'తడియనిది' అను నర్థముగల గ్రీకుమాటనుండి పుట్టినదే.

మూడేండ్ల క్రిందట ఆ నూతిని పూడ్పించితిమి. చుట్టుపట్ల గొట్టపుబావులు పడిన పిదప నీరు అడుగంటినది. ఒకనాడు లేగదూడ యొకటి యందు బడి బ్రదికి బయటపడగా, రేపు బిడ్డలు పడిన నేమి గతి యని భయము కలిగినది. మా అత్తగారు ఏబది యేండ్లు ఆ నూతినీరు తోడినవారు. వలదని యొక్కమాటయు ననలేదు. "ఆ పచ్చని మొక్కనైన నిలుపుము, అమ్మాయీ" యని మాత్రమనిరి.

నూతిలోనికి మనిషిని దింపి మొక్కలను పెఱికించితిమి. వేళ్లు గచ్చునందు పెనవైచుకొనియున్నందున సగము తెగి చేతికి వచ్చినవి. మూడు గుత్తులు కుండీలలో నాటగా నాలుగు దినములలో ఎండిపోయినవి. మఱునాడే నుయ్యి పూడిపోయినది. మాకు మిగిలినది మా పిల్లవాడు తన పుస్తకములో దాచుకొన్న యొక్క ఆకు. నేడు మా వసారాలోనున్న తొమ్మిది కుండీలును ఆ యాకు సంతానమే. అది యెట్లు జరిగినదో చెప్పెదము.

ఫెర్నుకు విత్తు లేదు. ముదిరిన ఆకు వెనుకవైపున గోధుమరంగు చుక్కలో గీతలో ఉండును. మెయిడెన్ హెయిరునకు ఆకు అంచు వెనుకకు మడిచి దాని క్రింద దాచుకొనును. అందున్న పొడియే దాని బీజములకు మాఱు. ఆ పొడి తడినేలపై బడిన ఫెర్ను మొక్క వెంటనే పుట్టదు. గోరంతకన్న చిన్నదై, హృదయాకారముగల పలుచని పచ్చరేకు మొదట పుట్టును. దానిమీద నీటిపొర యున్నప్పుడే స్త్రీపురుషబీజములు కలియును. అటుపిమ్మటనే ఆకులుగల మొక్క తలయెత్తును. ఈ రెండు తరముల వింతను 1851లో హాఫ్‌మైస్టరు అను జర్మను పండితుడు విశదపఱచెను. ఫెర్ను తేమను విడిచి యుండలేకపోవుటకు కారణ మిదియే.

పొడి రాలని ముదురాకును తెల్లకాగితమున మడిచి రెండు దినములుంచిన సన్నని గోధుమరంగు ధూళి రాలును. ఒక ఇటుకను నీటిలో చక్కగా మరగించి చల్లార్చి, పళ్లెములో నిలిపి, పళ్లెమున అంగుళము లోతు కాచి చల్లార్చిన నీరు పోయవలెను. ధూళిని ఇటుకపై పలుచగా చల్లి, గాజుసీసాను బోర్లించి, ఎండ తగులని వెలుతురున నుంచవలెను. తొలిసారి మేము ఇటుకను మరగింపలేదు. పది దినములకు బూజు పట్టి అంతయు పోయినది. అదృష్టవశమున కాగితమున చిటికెడు ధూళి మిగిలియుండెను. రెండవసారి మూడవ వారమున ఇటుక పచ్చబడినది. మూడు నెలలకు రేకులు, ఆఱవ నెలకు వ్రేలెడు మొక్కలు వచ్చినవి. ఆత్రపడరాదు, నీరు తగ్గనీయరాదు.

ఇంత యోపిక లేనివారు నెఫ్రొలెపిస్ అను కత్తియాకు ఫెర్నుతో మొదలుపెట్టుట మేలు. నర్సరీలలో విరివిగా దొరకును, మొండిజాతి. తొలకరిలో దుబ్బును రెండు మూడుగా చీల్చి నాటిన చాలును. ఎఱ్ఱమన్ను, మాగిన ఆకుయెరువు, ఇసుక సమభాగములుగా కలిపి, గుప్పెడు బొగ్గుముక్కలు చేర్చవలెను. కుండీ యడుగు రంధ్రముపై పెంకుముక్క లుంచుట మఱువరాదు. మొవ్వును మట్టిలో కప్పిన కుళ్లిపోవును. పచ్చిపేడ వేళ్లను మాడ్చును. మెయిడెన్ హెయిరునకు మాత్రము పాతగచ్చు ముక్కలు కొన్ని కలుపుట మంచిది. అది సున్నపుగోడలందు పెరుగునది గదా.

ప్రొద్దుటియెండ కొంచెము తగిలినను బాధలేదు, పడమటియెండ పనికిరాదు. మన్ను ఎల్లప్పుడును తడిగానుండవలెనే గాని బురద కారాదు. వెడల్పాటి పళ్లెములో గులకఱాళ్లు పఱచి, నీరు పోసి, కుండీ యడుగు నీటిని తాకకుండ ఱాళ్లపై నుంచిన చుట్టునున్న గాలి చెమ్మగా నుండును. రోహిణికార్తెలో చుట్టును తడిపిన గోనెపట్టాలు కట్టవలెను. ఉప్పుగల గొట్టపుబావినీటివలన ఆకుల కొనలు మాడును. మాకు నిరుడు రెండు కుండీ లట్లే పోయినవి; అప్పటినుండి వాననీరు పట్టి గోళెములో మూతవేసి దాచుచున్నాము.

ఇంకొక హెచ్చరిక. ఆకు వెనుక చుక్కలను చూచి తెగులని తుడిచివేయువారు కలరు. పొరుగింటి వదినగారు మంచి ముదురాకులన్నియు కత్తిరించి పాఱవేసిరి. చుక్కలు వరుసతప్పక ఒకే తీరుననున్న అవి మొక్క సొంతము. కాడలమీద సైతము అడ్డదిడ్డముగానుండి, గోటితో గీరిన ఊడివచ్చి, ఆకు జిగటగానున్న అది పొలుసుపురుగు, తడిగుడ్డతో తుడువవలెను.

సీసాలో ఫెర్ను పెరుగుట క్రొత్త సంగతి కాదు. 1829లో లండనునందు వార్డు అను వైద్యుడు చిలుకపురుగు గూటిని మూతగల సీసాలో నుంచగా, అందలి మట్టినుండి ఫెర్ను మొలిచినది. అది చూచి ఆయన గాజుపెట్టెలు చేయించెను. తరువాతి కాలమున చైనానుండి తేయాకు మొక్కలు మన దేశమునకు ఓడలమీద బ్రదికి వచ్చినది అట్టి పెట్టెలలోనే.

అరకు, అనంతగిరి మొదలగు కొండలకు పోవు సోదరీమణులకు మా మనవి: అక్కడి ఫెర్నులను పెఱికి తేవలదు. ఆ చల్లదనము మన యింట దొరకదు, త్రోవలోనే చచ్చును. రాలిన ముదురాకు ఒకటి కాగితమున మడిచి తెచ్చిన చాలును. ఒక్క యాకు ఎంతపని చేయునో మేము కన్నులార చూచితిమి.

మా అత్తగారికిప్పుడు చూపు మందగించినది. ప్రతియుదయము వసారాలో కూర్చుండి, కుండీలోని మన్నును వ్రేలితో తాకి, "నేడు దీనికి దాహముగానున్నది" యని చెప్పుదురు. చెంబుతో నీరు తామే పోయుదురు. మేము తోడ్పడబోయిన ఒప్పుకొనరు.

వచ్చు మాసమున కరివేపమొక్కను గూర్చి వ్రాయుదుము.