‘కీమో పెట్టారు’ అంటే ఏం పెట్టినట్టు?

మన కథల్లో క్యాన్సర్‌కి ఇంటిపేరుండదు. పాత్రకి ఊరుంటుంది, కులముంటుంది, యాసుంటుంది. ఏ కాలవగట్టు మీద నడిచిందో కూడా రాస్తాం. జబ్బు దగ్గరికొచ్చేసరికి ఒక్క మాటతో సరిపెడతాం. రిపోర్టొస్తుంది, ఆమె కూలబడుతుంది, జుట్టు రాలుతుంది, చివరి పేజీలో పోతుంది. మరీ ఆధునిక కథైతే ‘పోరాడి గెలుస్తుంది’. 1981లో ‘ప్రేమాభిషేకం’ నాయకుడు క్యాన్సరని తెలిసి ప్రేమని త్యాగం చేశాడు. నలభై ఏళ్లు దాటినా మనకి క్యాన్సర్ అంటే ఇంకా త్యాగానికో, కన్నీళ్లకో పనికొచ్చే సరుకే.

ఇది శిల్పలోపం అని వదిలేస్తే నాకు పేచీ లేదు. కానీ ఆ ఒక్క మాటే కథలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి ఆస్పత్రి వరండాలోకి నడిచొస్తోంది. “రొమ్ము క్యాన్సరంట, కీమో పెట్టారంట.” ఏ రకం అని ఎవరూ అడగరు. అడగాలని మనం ఎవరికీ నేర్పలేదు.

ఒకప్పుడు వైద్యానికీ ఈ తేడా పెద్దగా తెలీదు. 1976లో మిలాన్‌లో బొనడొన్నా బృందం ఆపరేషన్ తర్వాత మూడు మందులు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపించింది. ఆ మూడింట్లో ఒకటి మెథోట్రెక్సేట్. ఆ మందుల కుటుంబం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనలోంచి వచ్చిందే. అప్పటికి అందరికీ ఒకటే మందు, అందరిదీ ఒకటే జబ్బు. 2000లో పెరూ బృందం గడ్డల్లోని జన్యువుల తీరు చూసి, ఇది ఒక జబ్బు కాదు, ఒకే చోట పుట్టే వేర్వేరు జబ్బులని తేల్చింది. ఆస్పత్రిలో రోజువారీ పనికి స్థూలంగా మూడు ప్రశ్నలు చాలు: ఈఆర్ ఉందా, పీఆర్ ఉందా, హెర్2 ఉందా? మొదటి రెండూ హార్మోన్ అందుకునే కొక్కేలు. మూడోది కణాన్ని పెరగమని తరిమే ప్రోటీన్.

దీనివల్ల కీమోకి ఏం తేడా? 2014లో ‘లాన్సెట్’లో దాదాపు 12,000 మంది లెక్కలు కలిపిన విశ్లేషణ వచ్చింది. ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేసి చూస్తే క్యాన్సర్ కణం మిగలని వాళ్లెందరు? హార్మోన్ కొక్కేలుండి నెమ్మదిగా పెరిగే రకంలో నూటికి ఏడెనిమిది మంది. మూడూ లేని ట్రిపుల్ నెగెటివ్‌లో సుమారు 34. హార్మోన్ కొక్కేలు లేకుండా హెర్2 ఉన్నవాళ్లకి కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ కూడా ఇస్తే దాదాపు సగం మంది. మొదటి రకంలో చాలామందికి అసలు ఆయువుపట్టు కీమో కాదు, ఏళ్ల తరబడి రోజూ వేసుకునే హార్మోన్ మాత్ర. 2018లో వచ్చిన టైలరెక్స్ ఫలితాల్లో, చంక గ్రంథులకి పాకని ఈ రకంలో, 21 జన్యువుల పరీక్షలో మధ్యస్థపు స్కోరు వచ్చిన 50 దాటిన స్త్రీలకి కీమో కలిపినందువల్ల అదనపు లాభం కనబడలేదు. ట్రిపుల్ నెగెటివ్‌ది ఇంకో వింత. కీమోకి బాగా లొంగేదీ అదే, లొంగకపోతే త్వరగా తిరగబెట్టేదీ అదే. పాశ్చాత్య దేశాల్లో ఈ రకం నూటికి పన్నెండు నుంచి పదిహేను. మన దేశపు అధ్యయనాల్లో దాదాపు దానికి రెట్టింపు. అంటే ఈ గొడవ మనకే ఎక్కువ.

ఇక ఎ.కొండూరు. తిరువూరు దగ్గర ఈ మండలం పేరు పేపర్లలో ఎక్కువగా కనబడేది తండాల్లోని కిడ్నీ జబ్బు వల్ల. అక్కడో గిరిజన స్త్రీకి రొమ్ములో గడ్డ తేలిందనుకుందాం. ట్రిపుల్ నెగెటివ్ అని వస్తే ఇప్పుడు తరచూ కార్బోప్లాటిన్ కలుపుతున్నారు. దాని మోతాదు కట్టేదే కిడ్నీ పనితీరుని బట్టి. పాత మెథోట్రెక్సేట్ బయటికి పోయేదీ కిడ్నీల్లోంచే. ఆపరేషన్ తర్వాత జబ్బు మిగిలితే ఇచ్చే కెపెసిటబిన్ మాత్రని కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఇవ్వకూడదు. అంటే ఆమె ప్రాణం రెండు కాగితాల మధ్య ఉంది: గడ్డ రకం చెప్పేదొకటి, క్రియాటినిన్ చెప్పేదొకటి. ‘కీమో పెట్టారు’ అన్న మాటలో ఈ రెండూ లేవు.

“పల్లెటూరి వాళ్లకి ఇవన్నీ ఎక్కుతాయా?” అంటారు చదువుకున్నవాళ్లు. ఆ చుట్టుపక్కల పత్తిచేల్లోకి వెళ్లి అడగండి. తెల్లదోమకి కొట్టే మందు గులాబీ పురుగుకి పని చెయ్యదని ఎవరైనా చెప్తారు. రకం చూసి మందు కొట్టడం వాళ్లకి మనం నేర్పక్కర్లేదు. రిపోర్టుని వాళ్ల భాషలోకి తేవడమే మన పని, అదే మనం ఎగ్గొట్టింది. ‘ట్రిపుల్ నెగెటివ్’ అన్న మాటే చూడండి. కరోనా తర్వాత ఊరూరా నెగెటివ్ అంటే జబ్బు లేదనే అర్థం స్థిరపడింది. మూడుసార్లు నెగెటివ్ అని విన్న తల్లి దండం పెట్టుకుని ఇంటికెళ్లిపోతే తప్పెవరిది? ‘మూడు కొక్కేలూ లేని రకం’ అనడానికి ఏ నిఘంటువు అడ్డమొచ్చింది?

సాహిత్యం వైద్యగ్రంథం కాదు, నిజమే. నేను కథలో పట్టికలు వెయ్యమనడం లేదు. కీమో మానెయ్యమని అసలే అనడం లేదు. అవసరమైనవాళ్లకి అది ప్రాణం పోసే మందు. జబ్బుని ప్రతీకగా వాడుకోవడం ఎంత హానో సుసాన్ సాంటాగ్ 1978లోనే ఒక పుస్తకం రాసింది, తనే రొమ్ము క్యాన్సర్ వైద్యం చేయించుకుని. ‘పోరాటం’ అనే మాట వినడానికి బావుంటుంది. కానీ మందు పని చెయ్యనివాళ్లంతా సరిగ్గా పోరాడలేదా? లొంగడం, లొంగకపోవడం చాలావరకు గడ్డ స్వభావంలో ఉంటే, ఆ నేరం రోగి గుండెధైర్యం మీదికి నెట్టడం అన్యాయం.

ఆమెకి కావలసింది ఓదార్పు కన్నా ముందు, మొదటి సూది కంటే ముందు, తన రకం ఏదో తెలుగులో రాసిన కాగితం. హెర్2 అయితే దానికి తగ్గ మందు ఇస్తున్నారా, లేదా? ట్రాస్టుజుమాబ్ 2015 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది, మన దేశపు కంపెనీలూ తయారుచేస్తున్నాయి. అది విలాసం కాదు. ఈ ప్రశ్న ప్రభుత్వాన్ని అడగాలి, ఆస్పత్రినీ అడగాలి. ఈసారి మీ కథలో క్యాన్సర్ వస్తే, పక్కమంచం మీది మనిషి చేతైనా ఒక్కమాట అడిగించండి: “నీది ఏ రకం అక్కా?”