నీరుగంటి ఏడీ?

చేనుకు కావలికారు, ఊరికి తలారి, చెరువుకు నీరుగంటి. తెలంగాణలో ఆయన్నే నీరటి అంటారు. చాలా ఊళ్లలో ఇప్పుడు పేరే మిగిలింది, మనిషి లేడు.

తూము తీసేది, మూసేది ఆయనే. ఏ మడికి ఎంతసేపు పారాలో ఆయన చెప్పిందే మాట. కూలి కింద ఆయకట్టు రైతులు కళ్లంలో గింజలు కొలిచేవారు. ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు, అదీ చెప్పుకోవాలి.

1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి, మంచిదే. కానీ అధ్యక్షుడు అర్ధరాత్రి గట్టు మీద తిరుగుతాడా? ఎవరి చేతిలో పార ఉంటే వాళ్లదే నీరు. ఎండేది చివరి మళ్లు. అవి ఎవరివో మీకు తెలుసు.

రైతు సోదరులారా, ఈసారి చెరువు నిండకముందే కూర్చోండి. ఎకరాకు ఇన్ని గింజలని ఒప్పుకుని ఒక మనిషిని పెట్టుకోండి. ఎవరిని పెట్టాలో ముందు చివరి మడి రైతునే అడగండి.