సూది కంటే ముందు కథ

తీవ్రమైన తలసీమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒకసారి పాతుకున్న సూది భయం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. అందుకే హైదరాబాద్ పాతబస్తీ పురానీ హవేలీలోని దుర్రు షెహ్వార్ పిల్లల ఆసుపత్రి వంటి చోట్ల కథా వీడియోలను వైద్యంలో భాగం చేయాలి. సూది వేళ దృష్టి మళ్లిస్తే పిల్లలకు నొప్పి, బెంగ తగ్గుతాయని 2018 నాటి కాక్రేన్ వైద్య పరిశోధనల సమీక్ష చెబుతోంది. మరింత గట్టి ఆధారాలు కావాలనీ అంటోంది. నర్సులకు తీరికెక్కడిదంటారు. గింజుకునే చేతిని ముగ్గురు అదిమిపట్టే సమయం కంటే, వరండాలో తల్లి ఫోన్‌లో చూపి, సూది వేళ మళ్లీ పెట్టే మూడు నిమిషాల వీడియో భారమేమీ కాదు. ఇది పిల్లల్ని మభ్యపెట్టడమే అన్న అభ్యంతరం, ‘నొప్పే ఉండదు’ అని వీడియో అబద్ధమాడితే సరైనదే. రబ్బరు పట్టీ బిగుస్తుంది, స్పిరిట్ చల్లగా తగులుతుంది, సూది చురుక్కుమంటుంది, కాసేపటికి తగ్గుతుంది అని దక్కనీ ఉర్దూలోనూ తెలుగులోనూ ఉన్నదున్నట్టు చెప్పే కథలను ప్రభుత్వమే తయారుచేయించి, పాతబస్తీలోని ప్రతి పిల్లల వార్డుకూ అందించాలి.