సర్టిఫికెట్ ఫ్రీ అంటరు, దారి ఖర్చు ఎవలిది?

ఈ మధ్యన డిగ్రీ అయిపోయిన పిల్లలు ఎవలు ఫోన్ చేసినా ఒక్కటే అడుగుతున్నరు. "అన్నా, సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఫ్రీగ ఇస్తున్నరట, నిజమేనా?" నిజమే గని, సగమే నిజం.

ఐఎస్‌సీ2 అనే అమెరికా సంస్థ 2022ల ఒక మాట చెప్పింది. పది లక్షల మందికి 'సర్టిఫైడ్ ఇన్ సైబర్ సెక్యూరిటీ' పాఠాలు, పరీక్ష ఉచితమని. సీసీ అంటరు దాన్ని. అనుభవం అడగరు, డిగ్రీ అడగరు. కనీసం 100 ప్రశ్నలు, 2 గంటల టైము, 1000కి 700 వస్తే పాస్. ఆఫర్ ఇయ్యాల ఎట్లున్నదో వాళ్ల సైటులనే చూసుకోన్రి, వాట్సాప్ ఫార్వర్డుల కాదు. ఇంతవరకు అందరు చెప్తరు. చెప్పనిదేందంటే, పాసైనంక సర్టిఫికెట్ చేతికి రావాలంటే 50 డాలర్లు కట్టాలె. మల్ల ఏటేటా కట్టాలె. మన లెక్కల నాలుగు వేలు దాటుతది. 2025-26ల ఉపాధి హామీ కూలి మన దగ్గర రోజుకు 307 రూపాయలు. అంటే అమ్మ పద్నాలుగు రోజులు మట్టి తవ్వాలె ఆ ఫ్రీ సర్టిఫికెట్ కోసం.

ఇంట్ల కూసోని రాసేది గూడ కాదు. పియర్సన్ వ్యూ సెంటర్ ఉన్న పట్నానికి పోవాలె. ఆసిఫాబాద్ పిల్ల హైదరాబాద్ వచ్చి రాయాలంటే బస్సు కిరాయి, రాత్రి ఉండేతందుకు జాగ, తోడు ఒక మనిషి. రెండు గుర్తింపు కార్డులు అడుగుతరు, పేరు ఒక్కతీరుగ ఉండాలె. ఒకదాంట్ల ఇంటిపేరు పూర్తిగ ఉండి, ఇంకోదాంట్ల ఒక్క అక్షరమే ఉంటే గేటు కాడనే ఆపొచ్చు. తారీఖు బుక్ చేసుకునే ముందే ఇది సరి చేసుకోన్రి.

ఇగ సదువు ముచ్చట. నేను కాలేజీల కంప్యూటర్ నేర్చినోన్ని కాదు. ఈ పాఠాలు ముందటేసుకుంటే నాకైతే ఊరే కనిపించింది. మొదటి పాఠం మూడు మాటలు: గోప్యత, సమగ్రత, లభ్యత. నీ భూమి రికార్డు అక్కర లేనోడు చూస్తే గోప్యత పోయింది. ఎకరం ఇరవై గుంటలు రికార్డుల ఎకరం రెండు గుంటలైతే సమగ్రత పోయింది. రిజిస్ట్రేషన్ దినం సర్వర్ డౌన్ అంటే లభ్యత పోయింది. ఈ మూడు మన రైతులు ఆఫీసు మెట్ల మీద కూసోని ఎప్పుడో సదివిన్రు, పేర్లే తెల్వయి.

గుర్తింపు పాఠం గూడ గంతే. ఏటీఎం కార్డు నీ దగ్గర ఉన్న వస్తువు, పిన్ నీకు తెలిసిన ముచ్చట, వేలిముద్ర నీ ఒంటిది. వీటిల రెండు వేరు వేరు రకాలు కలిస్తేనే రెండంచెల భద్రత. పిన్, పాస్‌వర్డ్ రెండు అడిగినా అది ఒక్కటే రకం, పరీక్షల ఈడనే పడగొడుతరు. 2018ల పెద్దపల్లి జిల్లాల సిమ్ కార్డులు అమ్మేటోడు ఒకడు రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వాటితోని సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటం, వేలు పోతే ఏం మారుస్తం? పుస్తకంల పేజీ సదివిన దానికంటే ఈ కేసు గుర్తుంటది.

నెట్‌వర్క్ పాఠం మాత్రం ఇట్ల నడవది. ఐపీ అడ్రసులు, పోర్టు నంబర్లు, ఏడు పొరల ఓఎస్ఐ మోడల్, ఇయన్ని కాగితం మీద గీసుకుంట గీసుకుంట బట్టీ పట్టాల్సిందే. ఎక్కువ రోజులు దీనికే పెట్టుకోన్రి.

అసలు దెబ్బ కొట్టేది ఇంగ్లిష్. టెక్నాలజీ కాదు. నాలుగు జవాబులు ఇస్తరు, నాలుగు సరైనట్టే ఉంటయి. ప్రశ్నల 'ఫస్ట్' అన్నడా, 'బెస్ట్' అన్నడా, 'లీస్ట్' అన్నడా, 'నాట్' అన్నడా, ఆ ఒక్క మాట మీద జవాబు తిరుగుతది. సర్వర్ రూముల మంటలు లేసినయి, ముందు ఏం చేస్తవ్ అంటే డేటా కాపాడుత అని రాస్తరు చానమంది. ముందు మనుషుల పానం. ఏ ప్రశ్నల అయినా అదే ముందు. ఇదే పరీక్ష జర్మన్ల, జపనీస్‌ల, స్పానిష్‌ల పెట్టిన్రు. కోట్ల మంది మాట్లాడే తెలుగుల లేదు. తెలుగు మీడియం పిల్ల ఓడేది తెలివి తక్కువై కాదన్నట్టు.

ఈ సందునే కోచింగోళ్లు పట్టుకున్నరు. అమీర్‌పేటల ఒక సెంటర్ల మా ఊరి పిలగాడు వేలకు వేలు కట్టిండు, 'నూటికి నూరు ప్లేస్‌మెంట్' అన్నరు. ఆఖరికి చేతుల పెట్టింది లీకైన ప్రశ్నల పీడీఎఫ్. ఆ ప్రశ్నలు వాడుకున్నట్టు దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తరు. పరీక్షల నీతి నియమాల మీదనే ప్రశ్నలుంటయి, దాన్ని దొంగ పీడీఎఫ్‌తోని సదువుడేందో! సీసీ ఒక్కదానితోని కొలువు వస్తదని గూడ నేను చెప్పను. అది మొదటి మెట్టు. తర్వాత సెక్యూరిటీ ప్లస్ అంటరు, దాని ఫీజు పది వేలు ఎప్పుడో దాటింది. దొరికే మొదటి కొలువు గూడ రాత్రి షిఫ్టుల స్క్రీన్ మీద అలర్టులు చూసుడే ఎక్కువ.

అయినా సదవమనే అంటున్న. ఎందుకంటే అవతల పక్క ఇంకో ఏజెంట్ నిలబడ్డడు. డేటా ఎంట్రీ కొలువు, థాయ్‌లాండ్, టికెట్ మాదే అంటడు. ఆ మాట నమ్మి పోయిన మన తెలుగు పిల్లలు కంబోడియాల, మయన్మార్ల తేలిన్రు. పాస్‌పోర్టు గుంజుకొని, మన జనాలనే మోసం చేయమని కూసోబెట్టిన్రు. 2025 మార్చిల వాయుసేన విమానాలల్ల వందల మందిని వాపస్ తేవాల్సి వచ్చింది. మోసం చేసే కొలువుకు టికెట్ పెట్టేటోడు దొరుకుతున్నడు, మోసం ఆపే సదువుకు బస్సు కిరాయి పెట్టేటోడు లేడు.

సర్కారు చేయలేనిది ఏం లేదు ఇందుల. టీ-శాట్ నిపుణ ఉండనే ఉన్నది, ఈ అయిదు పాఠాలు తెలుగుల చెప్పియ్యచ్చు. జిల్లాకొక సర్కారు డిగ్రీ కాలేజీల పరీక్ష సెంటర్ పెట్టమని ఆ కంపెనీతోని మాట్లాడొచ్చు. పాసైన పేద పిల్లలకు మొదటి ఏడు 50 డాలర్లు సంక్షేమ శాఖ కట్టొచ్చు. మీ కాలేజీ ప్రిన్సిపల్‌కు, మీ ఎమ్మెల్యేకు ఈ మూడు రాసి ఇయ్యిన్రి, రసీదు మాత్రం అడిగి తీసుకోన్రి.