చందమామ నీళ్లకూ దొరలేనా?

చందమామ మీద నీటి జాడ ఉందని 2009లో లోకానికి తెలిసింది. పట్టిచ్చింది మన శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-1, అది మోసుకెళ్లిన అమెరికా పరికరం. దక్షిణ ధ్రువం దగ్గర ఎండ సోకని గుంతల్లో మంచుగడ్డగా ఉంది. మంచిదే. మన పిల్లలు ఈ సైన్సు చదవాల్సిందే.

కానీ ఆ నీళ్లెవరివి? అవి తాగడానికే కాదు, విడగొడితే రాకెట్టుకు ఇంధనం. అందుకే ఈ ఎగబాటు! చంద్రుడు ఏ దేశం సొత్తూ కాదని 1967 ఒప్పందం. అక్కడి వనరులు మనుషులందరి ఉమ్మడి ఆస్తి అని 1979 ఒప్పందం. దాని మీద ఇండియా 1982లో సంతకం పెట్టింది, ఖాయం మాత్రం చెయ్యలేదు. 2015లో అమెరికా చట్టం చేసుకుంది: తవ్వుకున్న తమ కంపెనీకే ఆ సరుకు సొంతమట. 2020 ఆర్టెమిస్ ఒప్పందాలు తవ్వేచోట చుట్టూ 'భద్రతా వలయం' గీసుకోవచ్చన్నాయి. 2023 జూన్‌లో ఇండియా దానికీ సంతకం చేసింది. మనల్నెవరడిగారు?

నేల ఎవరిదీ కాదు, నీళ్లు మాత్రం మావే! ఈ మాట మనకు కొత్తా? మహద్ చెరువు అందరిదేనని మునిసిపాలిటీ తీర్మానం ఉండగానే, 1927లో అంబేద్కర్ వెంట పోయి తాగినోళ్లను కొట్టారు. మా మంచినీళ్ల చెరువు పాడు చెయ్యొద్దన్న మాట మీద మొదలైందే 1985 కారంచేడు. ఆరుగురిని చంపారు.

1982 నాటి సంతకాన్ని ఢిల్లీ సర్కారు ఖాయం చెయ్యాలి. ఈసారి వాడ మీటింగుల్లో ఈ తీర్మానం కూడా పెట్టండి.