ఆ ‘ఆధిక్యం’ నిజమేనా?

సంపాదకులకు,

నమూనా చిన్నదైతే సర్వే చెత్తేనన్న మీ వ్యాసకర్త మాట పూర్తిగా ఒప్పుకోలేను. యాదృచ్ఛికంగా ఎంచిన 400 మందిలో 52 శాతం ఒక పార్టీ వైపు ఉన్నారనుకుందాం. 95 శాతం విశ్వాస్యతా అంతరం (అసలు మద్దతు ఉండగల హద్దులు) సుమారు 47 నుంచి 57 దాకా ఉంటుంది. సగం సగమన్న పరికల్పనను దీంతో తోసిపుచ్చలేం; ‘ఆధిక్యం’ అని శీర్షిక పెట్టడమే తప్పు. ఆ అంతరం సగానికి తగ్గాలంటే 1,600 మంది కావాలి. తిరువూరు బస్టాండులో దొరికినవాళ్లనే అడిగితే మాత్రం లక్ష మందైనా దండగే (మామిడి తోటల్లో పనికెళ్లినవాళ్లు లెక్కలోకే రారు). పరికల్పనల పరీక్షకు 1948లో కొత్త దారి చూపిన గణాంకవేత్త సి.ఆర్.రావు మన పక్క నూజివీడులోనూ చదువుకున్నారు. ఆయన మీద గౌరవంతోనైనా ఇకపై సర్వే అచ్చేసేటప్పుడు ఎంతమందిని అడిగారు, ఎలా ఎంచారు, పొరపాటు హద్దెంత అన్నవీ దయచేసి వేయండి.

— ఒక పాఠకుడు, తిరువూరు